రాత్రి రోడ్డు పక్కన ట్రాలీ ఆపుతున్నారా? బ్యాటరీ నుంచి బండి దాకా కాపాడుకునే పద్ధతులు ఇవే

మిర్చి సీజన్. తెల్లవారుజామున 4 గంటలకు బాపు నుంచి ఫోన్. "తాళం తిప్పితే చప్పుడే లేదురా. కిందికి వంగి చూస్తే బ్యాటరీ లేదు. బండి మొత్తం ఎత్తుకపోలే, అదే నయం" అన్నడు.

మాది వర్ధన్నపేట. ఇంటి గల్లీలోకి బొలెరో పికప్ పట్టదు, అందుకే రాత్రిపూట ఖమ్మం రోడ్డు పక్కన ఆపుతాం. ఆ రోజు బండి నిండా ఒక రైతు మిర్చి బస్తాలు ఉన్నయి. పొద్దున్నే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో జెండా పాట టైమ్‌కు చేరాలి. వేరే బండి దొరికి, బస్తాలు అందులోకి మార్చి, అక్కడికి పోయేసరికి పాట అయిపోయింది. కిరాయి పోయింది, కొత్త బ్యాటరీకి డబ్బులు పోయినయి, రైతు ముందు మాట కూడా పోయింది. బండి మీద ఈఎంఐ మాత్రం అట్లనే ఉంది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తా. ఫోన్ రాగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన "జీపీఎస్ పెట్టిద్దాం". తర్వాత కూర్చుని లెక్కలేస్తే అర్థమైంది: జీపీఎస్ ఉన్నా ఆ రోజు బ్యాటరీ పోయేదే. అందుకే ఏది ఏ దొంగతనాన్ని ఆపుతుందో, ఏది ఆపదో ఈ ఆర్టికల్‌లో వివరంగా చూద్దాం. బొలెరో, టాటా ఏస్, దోస్త్, ఏ ట్రాలీ అయినా లెక్క ఒకటే.

ముందు దొంగ ఏం తీస్కపోతాడో చూడండి

పికప్ దొంగతనాలు మూడు రకాలు.

1. విడి భాగాలు: బ్యాటరీ, స్టెప్నీ, డీజిల్, జాకీ, టార్పాలిన్. కొన్ని నిమిషాల పని. బీఎస్6 బండ్లలో సైలెన్సర్ కూడా ఈ లిస్టులోకి వచ్చింది. దాంట్లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి. గుజరాత్, మహారాష్ట్రల్లో ఈకో వ్యాన్ల సైలెన్సర్లు వరసగా మాయమైంది ఇందుకే.

2. క్యాబిన్‌లో సామాన్లు: ఫోన్, కిరాయి డబ్బులు, మ్యూజిక్ సిస్టమ్, ఆర్సీ పేపర్లు. వెనకాల బస్తాలు కూడా ఇదే రకం.

3. బండి మొత్తం: తక్కువసార్లు జరుగుతుంది, కానీ జరిగితే ఇంటిల్లిపాది మీద పడుతుంది.

గాడ్జెట్లు ఎక్కువగా పనికొచ్చేది మూడో రకానికి. మొదటి రకానికి ఇనుమే మందు. మనలాంటి టెక్ పిచ్చోళ్లు తప్పు చేసేది ఇక్కడే, నేను కూడా.

మొదటి ఖర్చు వెల్డింగ్ షాపులో

బ్యాటరీ బాక్స్ చుట్టూ ఇనుప పట్టీ వేయించి తాళం పెట్టించండి. తాళం కొక్కెం బయటికి పొడుచుకొచ్చేటట్టు కాకుండా లోపలికి ఉండేలా చేయమనండి, అప్పుడు కట్టర్ దూరదు. స్టెప్నీకి చైన్ తాళం, డీజిల్ ట్యాంక్‌కు లాక్ ఉన్న మూత, ట్యాంక్ మూతి లోపల పైపు దిగకుండా జాలీ పెట్టించండి. సైలెన్సర్‌కు మామూలు నట్ల బదులు తల తెగిపోయే బోల్టులు వేస్తే విప్పడానికి టైమ్ పడుతుంది. దొంగకు లేనిది టైమే.

క్యాబిన్‌లో గేర్ లాక్ గానీ, స్టీరింగ్ లాక్ రాడ్ గానీ వేయండి. ఇది బయటి నుంచి కనిపించాలి. ట్రాకర్ దాచాలి, తాళం చూపించాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే.

ఇంకో చవకైన వస్తువు: బ్యాటరీ కటాఫ్ స్విచ్. రాత్రి ఆపేసినప్పుడు తిప్పేస్తే సెల్ఫ్‌కు కరెంటే అందదు. దాన్ని సీటు కింద, మీకు మాత్రమే తెలిసిన చోట పెట్టించండి. ట్రాకర్ వైరు మాత్రం ఈ స్విచ్‌కు ముందు నుంచి తీసుకోవాలి, లేకపోతే రాత్రంతా ట్రాకర్ కూడా ఆఫ్ అయిపోతుంది.

జీపీఎస్ ట్రాకర్: ఎలా పనిచేస్తుంది, ఏం చూసి కొనాలి

ట్రాకర్ లోపల రెండు పనులు జరుగుతయి. ఒక చిప్ ఉపగ్రహాల సిగ్నల్ వినుకుని బండి ఎక్కడుందో లెక్కేస్తుంది. ఆకాశం బాగా కనిపిస్తే కొన్ని మీటర్ల తేడాతో చెప్పగలదు. ఇంకో చిప్ ఆ లెక్కను మొబైల్ నెట్‌వర్క్ మీద సర్వర్‌కు పంపిస్తుంది, అక్కడి నుంచి మీ యాప్‌కు వస్తుంది. అంటే లోపల సిమ్ ఉంటుంది, దానికి రీచార్జ్ ఉండాలి. "ట్రాకర్ పనిచేస్తలేదు" అంటే ముందు రీచార్జ్ అయిపోయిందేమో చూస్కోండి.

కొనే ముందు ఇవి అడగండి:

• 2జీనా, 4జీనా? చవక ట్రాకర్లలో చాలావరకు 2జీవే. జియోకు అసలు 2జీ నెట్‌వర్క్ లేదు, కాబట్టి జియో సిమ్ వేస్తే 2జీ ట్రాకర్ మూగబోతుంది. 4జీది తీసుకోవడం మంచిది. బండి ఎక్కువ తిరిగే ఊళ్లలో మీ ఫోన్‌లో ఏ నెట్‌వర్క్ బాగా పడుతుందో చూసి ఆ సిమ్ వేయండి.

• లోపల బ్యాకప్ బ్యాటరీ ఉందా? దొంగ బండి బ్యాటరీ పీకిన క్షణంలో "పవర్ కట్" అలర్ట్ రావాలంటే ఇది తప్పనిసరి. ఈ అలర్ట్ మామూలు నోటిఫికేషన్‌గా వస్తే రాత్రి 2 గంటలకు ఎవరూ లేవరు. ఫోన్ కాల్ రూపంలో వచ్చే మోడల్ అయితేనే ఉపయోగం.

• కదలిక అలర్ట్, జియోఫెన్స్ ఉన్నాయా? బండి ఆపిన చోటు చుట్టూ యాప్‌లో ఒక గీత గీస్తే, అది దాటగానే అలారం మోగుతుంది.

• ఇంజిన్ కటాఫ్ రిలే ఎలా పనిచేస్తుంది? ఫోన్ నుంచే ఇంజిన్ ఆపేయడం వినడానికి సూపర్‌గా ఉంటుంది. కానీ స్పీడ్‌లో ఉన్న బండి హైవే మీద ఒక్కసారిగా ఆగితే ఎదురొచ్చేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. బండి నెమ్మదించాకే కట్ చేసే మోడల్ చూడండి. వైరింగ్ తెలిసిన మెకానిక్‌తోనే పెట్టించండి, వారంటీ గురించి ముందే అడగండి.

బిగించేటప్పుడు ఇనుప రేకు కింద పెడితే సిగ్నల్ అందదు. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ వెనకాల, లోతుగా పెట్టాలి. మీ బండి కొత్త మోడల్ అయితే ముందు కంపెనీ యాప్ వచ్చిందేమో చూడండి. ఉదాహరణకు 2022లో వచ్చిన బొలెరో మ్యాక్స్ పికప్‌లో ఐమ్యాక్స్ పేరుతో కనెక్టెడ్ ఫీచర్లు కంపెనీయే ఇచ్చింది.

పాస్‌వర్డ్ మార్చకపోతే తాళం దొంగకే ఇచ్చినట్టు

ఇది సాఫ్ట్‌వేర్ వాడిగా నా బాధ. 2019లో అవాస్ట్ పరిశోధకులు ఒక చైనా కంపెనీ తయారుచేసిన ట్రాకర్లను పరీక్షిస్తే, దాదాపు 6 లక్షల పరికరాలు 123456 అనే డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో బయటపడ్డాయి. 2022లో బిట్‌సైట్ అనే సంస్థ మైకోడస్ కంపెనీ ఎంవీ720 ట్రాకర్‌లో ఆరు లోపాలు కనిపెట్టింది. వాటితో బయటివాళ్లు బండి ఎక్కడుందో చూడటమే కాదు, ఇంధనం కూడా ఆపేయగలరు. కాబట్టి ట్రాకర్ బిగించిన రోజే యాప్ పాస్‌వర్డ్, ఎస్ఎంఎస్ కమాండ్ పాస్‌వర్డ్ రెండూ మార్చండి. ఎస్ఎంఎస్ పాస్‌వర్డ్ అనేది ఒకటుందనే చాలామందికి తెలియదు. బిగించిన షాపతని ఫోన్‌లో మీ అకౌంట్ లాగిన్ అయి ఉంటే అది కూడా తీయించండి.

ఎయిర్‌ట్యాగ్ వేస్తే సరిపోదా?

సిటీలో ఉన్న ఫ్రెండ్స్ ముందు అడిగేది ఇదే. ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ లేదు, సిమ్ లేదు. దగ్గర్లో పోయే ఎవరిదో ఐఫోన్ దాని బ్లూటూత్ సిగ్నల్ విని, చోటు చెప్తుంది. హైటెక్ సిటీలో అడుగుకో ఐఫోన్ ఉంటుంది. ఆకేరు వాగు అవతల చేన్ల మధ్య రాత్రి 3 గంటలకు ఎవరి ఐఫోన్ పోతుంది? గూగుల్ కూడా 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లతో ఇలాంటి నెట్‌వర్క్ నడుపుతోంది, మన దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్లే ఎక్కువ కాబట్టి ఆ ట్యాగ్ కొంచెం నయం.

ఇంకో చిక్కు ఉంది. ఎవరినీ దొంగచాటుగా వెంబడించకూడదని, తెలియని ట్యాగ్ తనతో పాటు తిరుగుతుంటే ఫోన్ హెచ్చరిస్తుంది. మనుషుల భద్రతకు అది అవసరమే, కానీ అదే హెచ్చరిక దొంగకు కూడా పోతుంది. అందుకే ట్యాగ్‌ను రెండో లైన్‌గా మాత్రమే వాడండి. వైర్డ్ ట్రాకర్‌ను దొంగ పీకేస్తే, ఎక్కడో సీటు ఫోమ్‌లో ఉన్న ట్యాగ్ పనికి రావచ్చు.

కెమెరా పెట్టాలా?

డ్యాష్‌క్యామ్ "పార్కింగ్ మోడ్" అంటే బండి ఆగి ఉన్నప్పుడు కుదుపు తగిలితే రికార్డ్ అవుతుంది. కానీ అది ముందు అద్దంలోంచి చూస్తుంది. బ్యాటరీ, స్టెప్నీ ఉండేవి దాని కంటికి అందని చోట. మా కేసులో డ్యాష్‌క్యామ్ ఖాళీ రోడ్డును చూస్తూ కూర్చునేది. ఇంకో విషయం, మన ఎండల్లో మూసిన క్యాబిన్ ఎంత కాగుతుందో తెలుసు కదా. లిథియం బ్యాటరీ ఉన్న డ్యాష్‌క్యామ్ ఉబ్బిపోతుంది, సూపర్ కెపాసిటర్ ఉన్న మోడలే తీసుకోండి.

బండి రోజూ ఒకే చోట ఆపితే, ఆ చోటును చూసేలా గోడకు 4జీ సోలార్ కెమెరా పెట్టడం బెటర్. మనిషి కదలగానే లైట్ వెలిగే మోడల్ అయితే ఇంకా మంచిది. నలుగురు బండ్ల ఓనర్లు కలిసి ఒకటి పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. తెలంగాణ పోలీసుల "నేను సైతం" కెమెరాల ఆలోచన కూడా ఇదే: జనం కలిసి పెట్టుకోవడం.

కరెంటు లెక్క చూస్కోండి

ట్రాకర్ 40 మిల్లీ ఆంపియర్లు తింటుందనుకుందాం. 24 గంటలకు సుమారు 1 ఆంపియర్ అవర్. 80 ఆంపియర్ అవర్ బ్యాటరీకి ఇది లెక్కలోకి రాదు. డ్యాష్‌క్యామ్ 300 మిల్లీ ఆంపియర్లు తింటే 10 గంటల రాత్రికి 3 ఆంపియర్ అవర్. రోజూ తిరిగే బండికి పర్లేదు. కానీ పని లేని రోజుల్లో బండి వారం పది రోజులు ఆగితే పాత బ్యాటరీ కూర్చుంటుంది. అందుకే వోల్టేజ్ తగ్గగానే ఆగిపోయే హార్డ్‌వైర్ కిట్ వాడాలి.

ఇన్సూరెన్స్ పేపర్ ఒకసారి చదవండి

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, బండి పోయినా ఒక్క రూపాయి రాదు. ప్యాకేజీ పాలసీ ఉంటే బండి పోయినదానికి వస్తుంది. కానీ కమర్షియల్ పాలసీల్లో సాధారణంగా, బండి ఉండి యాక్సెసరీలు మాత్రమే పోతే క్లెయిమ్ ఇవ్వరు. బ్యాటరీ, టైర్ల సంగతి మీ పాలసీలో ఏం రాసుందో చూడండి. వెనకాల ఉన్న బస్తాలు మోటార్ పాలసీలోకి రావు, దానికి సరుకు రవాణా ఇన్సూరెన్స్ వేరే ఉంటుంది.

క్లెయిమ్‌లో రెండు తాళాలు అడుగుతారు. తాళం బండిలోనే వదిలేసి చాయ్‌కి పోయారంటే జాగ్రత్త తీసుకోలేదని మెలిక పెట్టొచ్చు. పోగానే కంపెనీకి చెప్పడమూ ముఖ్యమే. అయితే ఎఫ్ఐఆర్ వెంటనే పెట్టి ఉంటే, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందనే ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పోలీస్ కంప్లైంట్ మాత్రం లేట్ చేయొద్దు.

పోయిందని తెలిసిన మొదటి గంటలో

1. 112కి గానీ 100కి గానీ కాల్ చేయండి. ట్రాకర్ లైవ్ లింక్ పోలీసులకు ఇవ్వండి. మీరే వెంటపడి పోవద్దు.
2. ఫాస్టాగ్ మెసేజ్‌లు చూడండి. బండి హైదరాబాద్ వైపు పోతే కోమళ్ల టోల్ దగ్గర డబ్బులు కట్ అయిన మెసేజ్ మీకే వస్తుంది. ఆ మెసేజ్ పోలీసులకు చూపించాకే ట్యాగ్ బ్లాక్ చేయించండి.
3. బండిలో ఫోన్ కూడా పోతే సిమ్ బ్లాక్ చేయించి, కంప్లైంట్ కాపీతో సంచార్ సాథీ సైట్‌లో సీఈఐఆర్ ద్వారా ఐఎంఈఐ బ్లాక్ చేయండి.
4. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ పెట్టొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లోపు పోయి సంతకం చేయాలి.

వీటికి కావాల్సిన ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, పాలసీ కాపీ, బండి ఫొటోలు ఇప్పుడే ఫోన్‌లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టుకోండి.

బడ్జెట్ తక్కువుంటే ఏది ముందు?

నా లిస్ట్ ఇది: ముందు బ్యాటరీ బాక్స్ తాళం, తర్వాత గేర్ లాక్, తర్వాత కటాఫ్ స్విచ్, ఆ తర్వాతే 4జీ ట్రాకర్, చివరికి కెమెరా. మొదటి మూడింటికి యాప్ లేదు, రీచార్జ్ లేదు.

మా బండికి ఇప్పుడు మొదటి నాలుగూ ఉన్నయి. బాపు మాత్రం ఇంకో మార్పు చేసిండు. బండిని చీకట్లోంచి తెచ్చి, రాత్రంతా లైటుండే చోట, బ్యాటరీ ఉన్న వైపు గోడకు ఆనించి ఆపుతుండు. "నీ యాప్ కంటే ఈ గోడ నయంరా" అంటడు. లోడ్ ఉన్న రాత్రి మాత్రం పడుకునే ముందు ఒకసారి యాప్ తెరిచి చూస్కుంటడు.