మాటలు ఆలస్యమైతే వస రాసి ఊరుకోకండి

బిడ్డకు రెండేళ్లు నిండాయి. ఇంకా మాటలు రాలేదు. "వాళ్ల నాన్నకూ మూడేళ్లకే వచ్చాయి, కంగారెందుకు?" అంటుంది నాయనమ్మ. అమ్మమ్మ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తుంది. పక్కింటావిడ మొక్కు గుర్తుచేస్తుంది. ఇలా ఇంకో రెండేళ్లు గడిచిపోతాయి. తీరా బడిలో వేసే వేళకు ఆసుపత్రికి తీసుకువస్తారు. అలా వచ్చే పిల్లల్లో కొందరికి లోపం నాలుకలో ఉండదు, చెవిలో ఉంటుంది. వినని మాటను బిడ్డ ఎలా పలుకుతుంది? అంతవరకు ఆ బిడ్డకు 'మొద్దు' అన్న పేరు మాత్రం స్థిరపడిపోతుంది.

చెవి లోపం తొందరగా బయటపడదు. చెవులు వినిపించని బిడ్డ కూడా మొదటి నెలల్లో అందరిలాగే ఊ కొడుతుంది, నవ్వుతుంది. ఆ తరువాత ముఖకవళికలు, సైగలు గ్రహించి నెట్టుకొస్తుంది. అందుకే పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష జరగాలనీ, మూడో నెలకు లోపం నిర్ధారణ కావాలనీ, ఆరో నెలకు వినికిడి యంత్రం, శిక్షణ వంటివి మొదలు కావాలనీ వైద్యులు నేడు చెబుతున్నారు.

ఇంత తొందర ఎందుకు?

మెదడులో నరాల అల్లిక మొదటి మూడేళ్లలో జరిగినంత వేగంగా ఆ తరువాత జరగదు. వాడుకలో ఉన్న దారులు బలపడతాయి. వాడనివి సన్నగిల్లుతాయి. తిండి ఒక్కటే చాలదని జమైకా దేశంలో జరిగిన పరిశోధన ఒకటి చక్కగా చూపింది. 1986-87లో కింగ్‌స్టన్ నగరపు పేదవాడల్లో, ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివాళ్లను ఎంచుకున్నారు. కొందరికి వారానికి కిలో పాలపొడి ఇచ్చారు. కొందరి ఇంటికి ఆరోగ్య కార్యకర్త వారానికొక గంట వెళ్లి, ఇంట్లో తయారుచేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లికి నేర్పింది. కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ అందలేదు. ఇలా రెండేళ్లు నడిచింది. ఆటలు, మాటలు దక్కిన పిల్లలు ఇరవై ఏళ్ల తరువాత, దక్కనివారి కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని 2014లో ప్రకటించారు. పాలపొడి ఒక్కటే అందినవారిలో అటువంటి లాభం కనబడలేదు. పాలు మానమని దీని అర్థం కాదు. పాలు పట్టేటప్పుడు బిడ్డతో మాట్లాడమని.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి పసిపిల్లల పెంపకానికి అయిదు అవసరాలు చెప్పాయి: ఆరోగ్యం, పోషణ, బిడ్డ పిలుపుకు పలికే పెద్దలు, భద్రత, చిన్ననాటి నుంచే నేర్చుకునే అవకాశం.

ఎప్పుడు అనుమానించాలి?

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకండి.

• మూడు నెలలకు పలకరిస్తే నవ్వకపోవడం
• ఆరు నెలలకు శబ్దం వైపు తల తిప్పకపోవడం
• తొమ్మిది నెలలకు ఊతం లేకుండా కూర్చోలేకపోవడం
• ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం
• ఏడాదిన్నరకు నడవకపోవడం, ఒక్క మాటా రాకపోవడం
• రెండేళ్లకు 'అమ్మ రా' వంటి రెండు మాటలు కలపకపోవడం
• ఏ వయసులోనైనా వచ్చిన మాట, చేత పోవడం

బడి మాటేమిటి?

"ఇటువంటి బిడ్డను బడిలో ఎలా వెయ్యడం?" అని తల్లులు అడుగుతారు. 1994లో స్పెయిన్ దేశంలోని సాలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కూడి, లోపమున్న పిల్లలూ మామూలు బడిలోనే చదవాలని, వారికి తగినట్లు బడే మారాలని చాటారు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక దీనిని హక్కుగా గుర్తించింది. మన దేశం 2007లో దానిని ఆమోదించింది. మన 2016 నాటి చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలోగానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోగానీ చదువు ఉచితం.

బడి మారడమంటే పెద్ద ఖర్చేమీ కాదు. వినికిడి తక్కువైన బిడ్డను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. మాస్టారు నల్లబల్ల వైపు తిరిగి కాక, పిల్లల వైపు తిరిగి పాఠం చెప్పాలి. అంతమాత్రంతోనే సగం ఇబ్బంది తీరుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు మీ వాడలోని అంగన్‌వాడీలో చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలి. అవసరమైతే జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. బడి వయసు పిల్లల శిక్షణకు భవిత కేంద్రాలున్నాయి.

చెవులు పరీక్ష చేయించడంలో నొప్పి ఉండదు. ఏమీ లేదని తేలితే బెంగ తీరుతుంది. ఉన్నదని తేలితే సిగ్గుపడి ఇంట్లో దాచకండి. శిక్షణ మొదలుపెట్టండి, సమయానికి బడిలో వెయ్యండి. ఈ నెల చేయించగల పరీక్షను వచ్చే ఏడాదికి వాయిదా వేస్తే, ఆ ఏడాది బిడ్డకు తిరిగి రాదు.