విజయ డైరీ ఛైర్మన్‌ని ఎవరు ఎన్నుకుంటారు?

ఇవాళ ఓయూ క్యాంపస్ నుంచి మాట్లాడుతున్నా. ఇక్కడి నుంచి తార్నాక దాటితే లాలాపేట, విజయ డైరీ ఉండేది అక్కడే.

దాని అసలు పేరు తెలంగాణ పాడి పరిశ్రమాభివృద్ధి సహకార సమాఖ్య. సహకారం అంటే సభ్యులే ఓటేసి ఛైర్మన్‌ని ఎన్నుకోవాలి కదా? ఇక్కడ మాత్రం నియమించేది ప్రభుత్వం. బీఆర్‌ఎస్ హయాంలో లోక భూమారెడ్డి ఉన్నారు, 2023లో సోమ భరత్‌కుమార్ వచ్చారు. ఆ డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 2024లో గుత్తా అమిత్‌రెడ్డి వచ్చారు. ఈ ముగ్గురిలో ఎవరినీ పాలు పోసే రైతు ఎన్నుకోలేదు. వాళ్ల మీద నాకేం కంప్లైంట్ లేదండీ, నా డౌటంతా పద్ధతి మీదే.

ఎందుకంటే పాల బిల్లు పదిహేను రోజులకోసారి పడాలి. 2024లో బిల్లులు పేరుకుపోయి రైతులు రోడ్డెక్కారు. దాణా అప్పు ఆగదు కదా మరి! అదే ఓటుంటే, బిల్లు ఎందుకు ఆగిందని సర్వసభ్య సమావేశంలోనే నిలదీసేవాళ్లు.

ముల్కనూరు మహిళా డైరీ చూడండి. 2002లో మొదలైంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నడుస్తోంది. పాలు పోసే ఆడవాళ్లే బోర్డుని ఎన్నుకుంటారు, పని నచ్చకపోతే తర్వాతి ఎన్నికల్లో మార్చేస్తారు.

మీ ఊరి పాల సంఘానికి చివరిసారి ఎన్నిక ఎప్పుడు జరిగిందో కనుక్కుని చెప్పండి. వచ్చే ఎపిసోడ్ అక్కడి నుంచే మొదలుపెడదాం.