గుక్కెడు నీళ్లకూ లెక్కే

గుండె ఆపరేషనైన మనిషి దాహమంటే, లెక్క చూసి నీళ్లివ్వడానికి ఏ ఇల్లాలికైనా చేతులాడవు. కాని ఆ లెక్కలోనే ప్రాణముంది.

ఆపరేషన్‌లో చాలామందికి గుండెను కాసేపు ఆపి, దాని పని యంత్రానికి అప్పగిస్తారు. ఆ యంత్రపు గొట్టాల్లో నింపిన ద్రవమూ, ఎక్కించిన సెలైనూ కలిసి ఒంట్లో నీరు నిలుస్తుంది. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం. మరీ తక్కువైతే రక్తపోటు పడిపోయి మూత్రపిండాలకు చేటు. అందుకే నర్సులు లోపలికి పోయిందీ, బయటికి వచ్చిందీ కొలిచి రాస్తారు.

ఇంటికొచ్చాక ఆ పని మనదే. డాక్టరు కొలత చెప్పి ఉంటే, అన్ని నీళ్లూ పొద్దున్నే సీసాలో పోసి ఉంచండి. కాఫీ, మజ్జిగ, చారు ఎంతిస్తే అంత నీరు అందులోంచి తీసేయండి. రోజూ ఉదయం మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందే తూకం చూసి కేలండరు మీద రాయండి. లీటరు నీరంటే కిలో బరువు! ఒక్కరోజులో కిలో పెరిగినా, పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా, మూత్రం తగ్గినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. నీరు పోవడానికిచ్చిన మాత్రలు మనంతట మనం ఆపరాదు, పెంచరాదు.

ఊరగాయ, అప్పడం పెట్టకండి. ఉప్పు దాహాన్ని పెంచుతుంది. నోరెండితే తడిగుడ్డతో పెదవులద్దండి. జాలిపడి మాత్రం గ్లాసు నింపకండి.