నిజామాబాదు బాలిక బాక్సింగు విజయములు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పంచాయతీ సభ్యులకు కుస్తీ, చెడుగుడు చిరపరిచితములే. బాక్సింగు అనబడు ముష్టియుద్ధము మన పల్లెలకు అంతగా తెలియదు. అది ఆడపిల్లలకు తగదనువారు నేటికిని కలరు. వారు నిఖత్ జరీన్ వృత్తాంతమును వినదగును.

ఆమె 1996లో నిజామాబాదులో జన్మించినది. మొదట పరుగుపందెములలో తర్ఫీదు పొందుచు, మైదానమున బాక్సింగు చేయువారిలో బాలికలు లేకుండుట చూచి తండ్రిని కారణమడిగినది. ఆడవారికి అంత బలము లేదని లోకులు తలంతురని ఆయన చెప్పెను. ఆ మాటయే ఆమెకు పట్టుదల కలిగించినది. దెబ్బలు తిను పిల్లకు వివాహమెట్లగునని తల్లి విచారపడినను, తండ్రి వెనుదీయలేదు. (గ్రామ ఆటస్థలమును ఆక్రమణల నుండి కాపాడుచున్న సభ్యులు ఆ మైదానము సంగతి గుర్తింతురుగాక.) 2009లో విశాఖపట్టణమున కేంద్ర ప్రభుత్వ శిక్షణ లభించినది. 2011లో టర్కీలో బాలికల ప్రపంచ పోటీలలో స్వర్ణపతకము గెలిచినది.

బాక్సింగు రెండు విధములు. వృత్తి పోటీలలో పారితోషికమే జీవనాధారము. జరీన్ పేరు గడించినది ఒలింపిక్ పద్ధతిలో: మూడేసి నిమిషముల మూడు దఫాలు, ఐదుగురు న్యాయనిర్ణేతలు. ఇందు క్రీడాకారులకు తరచు ఉద్యోగమే ఆధారము.

2017లో భుజము కీలు తప్పి ఆమె చాలకాలము ఆటకు దూరమైనది. కోలుకొని 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలో థాయిలాండ్ క్రీడాకారిణిని 5-0తో ఓడించి ప్రపంచ విజేతయైనది. 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలో మరల గెలిచినది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా క్రీడాకారిణి చేతిలో ఓడి పతకము లేకయే మరలినది. ఆ సంవత్సరమే తెలంగాణ ప్రభుత్వము ఆమెను పోలీసు శాఖలో డి.ఎస్.పి.గా నియమించినది.