మారకపు రక్ష గల చలవడ్డీ ఋణనిధి: సులభమా, జటిలమా?



పేరు దీర్ఘముగా నున్నంతమాత్రమున వస్తువు జటిలమని భయపడ నక్కరలేదు. పేరు చిన్నదైనంతమాత్రమున సులభమని నమ్మనురాదు. సొమ్ము దాచుకొనువారి యెదుట నేడు పెట్టబడు వానిలో మారకపు రక్ష గల ఫ్లోటింగు రేటు బాండు ఫండు అనునది యొకటి. దానిని ముక్కలుగా విడదీసి చూతము.

బాండు అనగా అప్పుపత్రము. ఫండు అనగా పలువురి సొమ్ము కూర్చి అట్టి పత్రములను పెక్కింటిని కొను నిధి. ఫ్లోటింగు రేటు అనగా బజారు వడ్డీ ననుసరించి పెరుగుచు తరుగుచుండు వడ్డీ. 2020 జూలై 1న భారత రిజర్వు బ్యాంకు మూలమున మొదలిడిన ఏడేండ్ల పొదుపు బాండ్లు ఇట్టివే. జాతీయ పొదుపు పత్రముల వడ్డీకి నూటికి 0.35 చేర్చి, ఆరునెలల కొకసారి వీని వడ్డీని నిర్ణయింతురు. అప్పు తీసికొన్నది ప్రభుత్వ మొక్కటే, నాణెమును ఒక్కటే. కావున వడ్డీ చలించినను విషయము సులభము.

ఇక మారకపు సంగతి. పూర్వము నిజాము రాజ్యమున హాలీ సిక్కాయు, ఇంగ్లీషు దండు విడిసిన సికింద్రాబాదున కల్దారు రూపాయియు చెల్లుచుండెను. 1950లో భారత రూపాయిని హైదరాబాదున ప్రవేశపెట్టినపుడు ఏడు హాలీలకు ఆరు రూపాయలు లెక్క. 1959లో హాలీ రద్దయ్యెను.

ఆ లెక్కనే తీసికొని యొక యూహ చేయుదము. కల్దారులో ఖర్చుగల వర్తకుడు 600 రూపాయలను 700 హాలీలుగా మార్చి అప్పిచ్చెననుకొనుడు. ఏడాదికి రేటు ఎనిమిదింటికి ఆరైనచో, అసలు మొత్తము తిరిగి వచ్చినను 525 రూపాయలే యగును. వడ్డీ ఆ లోటును పూడ్చజాలదు. అందుచే అతడు ముందుగనే యొక షాహుకారుతో, "రేటెట్లున్నను ఏడాదికి నా 700 హాలీలకు 590 రూపాయలిమ్ము" అని ఒడంబడిక చేసికొనును. ఇదియే మారకపు రక్ష. వదలుకొన్న పది రూపాయలు దాని వెల. హాలీలోనే ఖర్చు గలవాని కీ రక్షతో పనిలేదు.

అయితే ఈ రక్ష మారకపు నష్టమునే ఆపును. అప్పు తీసికొన్నవాడు దివాలా తీసిన నాపదు. షాహుకారే మాట తప్పినచో రక్షయు పోవును. నిధులలో ఈ ఒడంబడికలను సాధారణముగా కొలది నెలలకే వ్రాసికొని మరల మరల మార్చుచుందురు, వెలయు మారుచుండును.

కావున విడివిడిగా ప్రతి భాగమును సులభమే, కలిసినచో జటిలమే. జటిలమైనది చెడ్డదని కాదు; అడుగవలసిన ప్రశ్నలు హెచ్చని యర్థము. అప్పు తీసికొన్న వారెవరు? వడ్డీ తగ్గిన నాకేమి మిగులును? రక్ష ఏ నాణెమునకు? నా ఖర్చు ఆ నాణెములోనే యున్నదా? రక్ష వెల యెంత? సొమ్ము కావలసిన నాడు చేతికి వచ్చునా? ఈ యారింటికిని తన మాటలతో ఇంటివారికి చెప్పగలవానికి అది జటిలము కాదు. చెప్పలేనివాడు బిడ్డ పెండ్లికో, వార్ధక్యమునకో దాచిన సొమ్మును అందుంచకుండుటయే మేలు.