ఇరుకు గుమ్మం, పెద్ద సామాను

1992 మార్చి 11న అమెరికాలోని న్యూజెర్సీ నుంచి సుమారు వందమందికి ఒక ఈమెయిల్ వెళ్లింది. పంపినవారు నథానియల్ బోరెన్‌స్టైన్. బెల్‌కోర్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థలో ఆయన కంప్యూటర్ శాస్త్రవేత్త. నలుగురు కలిసి వాయిద్యాలు లేకుండా పాడే ‘టెలిఫోన్ కార్డ్స్’ బృందంలో గాయకుడు కూడా. ఆ మెయిల్లో ఆ నలుగురి ఫొటో ఉంది, వాళ్లు పాడిన పాట ఉంది. పాత ప్రేమగీతం బాణీలో ఈమెయిల్ మీద కట్టిన పేరడీ అది. మైమ్ అనే కొత్త పద్ధతిలో ప్రయాణించిన తొలి అటాచ్‌మెంట్లు అవే.

బ్యాంకు స్టేట్‌మెంటు, ఆస్పత్రి రిపోర్టు, డల్లాస్‌లో పుట్టిన మనవరాలి ఫొటో అన్నీ ఇవాళ్టికీ ఆ పద్ధతిలోనే మనకు చేరుతున్నాయి. ముప్పై ఏళ్లు దాటినా దాని మూలసూత్రాలు మారలేదు. పాతదాన్ని పడగొట్టకుండా కొత్తదానికి చోటు చేయడమే దాని ఆయుష్షు రహస్యం. అందుకు చెల్లించిన వెల కూడా చిన్నదేం కాదు.

ఏడు బిట్ల లోకం

ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి నెట్‌వర్క్ మీద సందేశం పంపే పద్ధతిని రే టాంలిన్సన్ 1971లో తయారుచేశారు. 1982లో జాన్ పోస్టెల్ మెయిల్ రవాణాకు, డేవిడ్ క్రాకర్ మెయిల్ రూపానికి స్థిరమైన నియమాలు రాశారు. ఆ నియమాల ప్రకారం ఒక్కో గుర్తుకీ ఏడు బిట్లే. అంటే మొత్తం 128 గుర్తులు. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, యంత్రాలకు కావలసిన కొన్ని ఆదేశాలు కలిపితే ఆ లెక్క నిండిపోతుంది. ఫ్రెంచివాళ్ల యాక్సెంటు అక్షరాలకే అందులో చోటు లేదు, ఇక తెలుగు మాట ఎక్కడిది? ఒక్కో పంక్తి 1000 గుర్తులు దాటకూడదన్న నియమం కూడా ఉంది.

ఫొటోలోనో పాటలోనో ఉండే బైట్లకు ఎనిమిది బిట్లు. వాటిని ఉన్నవి ఉన్నట్టు పంపితే దారిలోని యంత్రం ఎనిమిదో బిట్‌ని తుడిచేయవచ్చు. ఐబీఎం పెద్ద కంప్యూటర్ల అక్షరపట్టిక వేరు కాబట్టి అటునుంచి వెళ్తే కొన్ని చిహ్నాలు మారిపోయేవి. పంక్తి చివరి ఖాళీలను కొన్ని యంత్రాలు కత్తిరించేవి. ‘ఫ్రమ్’ అనే ఇంగ్లిషు మాటతో మొదలైన పంక్తికి ముందు కొన్ని యంత్రాలు ఒక బాణం గుర్తు చేర్చేవి.

అంతకుముందు మార్గం లేదని కాదు. 1980లో బర్క్‌లీలో మేరీ ఆన్ హోర్టన్ యూయూఎన్‌కోడ్ అనే ఉపాయం తయారుచేశారు. అది ఎనిమిది బిట్ల ఫైలుని చదవగలిగే గుర్తులుగా మారుస్తుంది. అయితే దాని గుర్తుల్లో విరామ చిహ్నాలు చాలా ఉన్నాయి, అవే దారిలో దెబ్బతినేవి. వచ్చింది బొమ్మో పాటో ఏ భాష పాఠమో చెప్పే చీటీ కూడా దానికి లేదు. మరోవైపు, 1984లోనే ఎక్స్.400 అనే అంతర్జాతీయ మెయిల్ ప్రమాణం వచ్చింది. అందులో అన్ని సౌకర్యాలూ ఉన్నాయి కానీ, అది కావాలంటే ఉన్న మెయిల్ వ్యవస్థని తీసేసి కొత్తది పెట్టుకోవాలి. ఇంటర్నెట్ దానికి ఒప్పుకోలేదు.

విప్పి తీసుకెళ్లి బిగించుకోవడం

ఈ చిక్కుముడికి బోరెన్‌స్టైన్‌తో కలిసి కూర్చున్నవారు నెడ్ ఫ్రీడ్. కాలిఫోర్నియాలోని ఇన్నోసాఫ్ట్ సంస్థలో, రకరకాల మెయిల్ వ్యవస్థల మధ్య సందేశాలు చేరవేసే సాఫ్ట్‌వేర్ ఆయన పని. ఒకరికి మెయిల్లో బొమ్మలూ పాటలూ కావాలి, ఇంకొకరికి ఆ మెయిల్ ఏ దారిలో వెళ్లినా చెడకుండా చేరాలి. మెయిల్లో బొమ్మలెందుకని అడిగినవారికి బోరెన్‌స్టైన్, ఎప్పటికైనా తన మనవల ఫొటోలు మెయిల్లో అందుకోవాలని ఉందని చెప్పేవారు. విన్నవాళ్లు నవ్వేవారట.

ఇద్దరూ కలిసి 1992 జూన్‌లో మైమ్ నియమాలతో ఆర్.ఎఫ్.సి. 1341 అనే పత్రం వెలువరించారు. దారిలో ఉన్న ఒక్క మెయిల్ సర్వర్ కూడా మారనక్కరలేదు అన్నది అందులోని పెద్ద నిర్ణయం. పట్టెమంచం ఇరుకు గుమ్మంలో పట్టకపోతే గోడ పగలగొట్టం, మంచాన్ని విప్పి లోపలికి తీసుకెళ్లి బిగించుకుంటాం. మైమ్ చేసింది అదే. విప్పే పని పంపే సాఫ్ట్‌వేర్‌ది, బిగించే పని అందుకునే సాఫ్ట్‌వేర్‌ది.

విప్పే పద్ధతుల్లో ముఖ్యమైనది బేస్64. మూడు బైట్లు అంటే 24 బిట్లు. వాటిని ఆరేసి బిట్ల చొప్పున నాలుగు ముక్కలు చేస్తారు. ఆరు బిట్లతో 64 విలువలు వస్తాయి. వాటికి ఇంగ్లిషు పెద్దబడి అక్షరాలు 26, చిన్నబడి అక్షరాలు 26, అంకెలు పది, కూడిక గుర్తు, ఏటవాలు గీత సరిపోతాయి. ఐబీఎం పట్టికతో సహా ఏ యంత్రం పట్టికలోనైనా చెడకుండా నిలిచే గుర్తులని వాటినే ఎంచుకున్నారు.

మన ‘అ’ని తీసుకుందాం. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో దానికి మూడు బైట్లు: 224, 176, 133. వాటి 24 బిట్లను ఆరేసిగా విడదీస్తే 56, 11, 2, 5 వస్తాయి. బేస్64 పట్టికలో అవి అంకె 4, తర్వాత ఎల్, సి, ఎఫ్. మెయిల్లో ‘అ’ ప్రయాణించేది ఈ నాలుగు గుర్తుల వేషంలోనే. ‘తెలుగు’ అనే మాటలో యూనికోడ్ లెక్కన ఆరు సంకేతాలున్నాయి, హల్లులు మూడు, గుణింతపు గుర్తులు మూడు. అంటే 18 బైట్లు, బేస్64లో 24 గుర్తులు.

దీనికి ఖర్చు ఉంది. మూడు నాలుగవుతాయి కనుక ఫైలు మూడో వంతు పెరుగుతుంది. పంక్తికి 76 గుర్తులే పెట్టాలి కనుక పంక్తి విరుపులు అదనం. 18 ఎంబీల ఫైలు దారిలో దాదాపు 24.6 ఎంబీలవుతుంది. అటాచ్‌మెంటు పరిమితికి లోపలే ఉన్నా మెయిల్ వెనక్కి రావడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇంగ్లిషు ఎక్కువగా ఉన్న పాఠానికి కోటెడ్-ప్రింటబుల్ అనే రెండో పద్ధతి పెట్టారు. అది మామూలు అక్షరాలను ముట్టుకోదు, మిగతా ప్రతి బైటునీ మూడు గుర్తులుగా రాస్తుంది. ‘తెలుగు’ మాటకు అందులో 54 గుర్తులు పడతాయి. తెలుగు పాఠానికి బేస్64 ఎందుకు నయమో ఈ లెక్కే చెబుతుంది.

కట్టడం, చదవడం

మైమ్ మెయిల్ లోపల ఒక చెట్టులా ఉంటుంది. పైన హెడర్లు, తర్వాత ఒక ఖాళీ పంక్తి, ఆ కింద అసలు విషయం. విషయంలో భాగాలు చాలా ఉంటే ఒక హద్దు పంక్తి వాటిని వేరుచేస్తుంది. ప్రతి భాగానికీ సొంత హెడర్లు ఉంటాయి, ఒక భాగంలో మళ్లీ కొన్ని భాగాలు ఉండవచ్చు. మామూలు పాఠం, దాని రంగుల రూపం పక్కపక్కన ఉంటాయి. సాదాది ముందు, సొగసైనది చివర. అందుకునే సాఫ్ట్‌వేర్ తనకు చేతనైనవాటిలో చివరిదాన్ని చూపిస్తుంది.

హద్దు పంక్తి లోపలి విషయంలో పొరపాటున కూడా కనిపించకూడదు. అందుకే మెయిల్ కట్టే ప్రోగ్రాములు యాదృచ్ఛికమైన గుర్తులతో దాన్ని తయారుచేస్తాయి. అందులో సమానం గుర్తు, దాని వెంటనే అడుగుగీత పెట్టడం మంచి అలవాటు. ఆ జంట బేస్64లోనూ కోటెడ్-ప్రింటబుల్‌లోనూ ఎన్నటికీ రాదు.

మొదటి హద్దుకి ముందు, ఇది మైమ్ రూపంలో ఉన్న బహుభాగ సందేశం అని ఒక వాక్యం రాసే ఆచారం ఉండేది. కొత్త సాఫ్ట్‌వేర్ దాన్ని చూపించదు. మైమ్ తెలియని పాత సాఫ్ట్‌వేర్ వాడేవారికి మాత్రం తెర మీద కనిపించి, కింద ఉన్న గందరగోళానికి అర్థం చెబుతుంది. వెనకబడినవారిని కూడా లెక్కలోకి తీసుకున్న ఈ మర్యాద నాకు మైమ్‌లో అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది.

చదివే ప్రోగ్రామ్‌ని పార్సర్ అంటారు. అది హెడర్లు విడదీయాలి, హద్దులు పట్టుకోవాలి, ఒక్కో భాగంలోకి దిగి బేస్64 విప్పాలి, ఆ తర్వాతే బైట్లను అక్షరాలుగా మార్చాలి. ఈ వరస తప్పితే తెలుగు పాఠం తెర మీద చెత్తగా మారుతుంది.

గుడి రెండు ముక్కలైతే

అన్నిటికన్నా సున్నితమైన చోటు సబ్జెక్టు పంక్తి. హెడర్లలో ఇంగ్లిషేతర అక్షరాలకు కీత్ మూర్ 1992లోనే ఒక పద్ధతి రాశారు. అక్షరపట్టిక పేరు, ఎన్‌కోడింగ్ పేరు, విషయం, ఈ మూడూ కలిసిన పొట్టి ముక్కలు అవి. ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు. చుట్టూ ఉండే 12 గుర్తులు పోగా తెలుగుకు మిగిలేది 45 బైట్లే, అంటే పదిహేను సంకేతాలు.

‘మా అమ్మాయి పెళ్లి పిలుపు’ అని సబ్జెక్టు రాశామనుకోండి. అందులో 21 తెలుగు సంకేతాలు, మూడు ఖాళీలు. మొత్తం 66 బైట్లు. కనుక రెండు ముక్కలు చేయక తప్పదు. ప్రోగ్రామర్ అక్షరాలు చూడకుండా 45వ బైటు దగ్గర కోస్తే, ఆ కోత సరిగ్గా ‘పెళ్లి’ చివరి గుడి మీద పడుతుంది. గుడిలోని ఒక బైటు ఇటు, రెండు బైట్లు అటు. విడివిడిగా విప్పే సాఫ్ట్‌వేర్ ఆ చోట ప్రశ్నార్థకాలు, ఖాళీ గడులు చూపిస్తుంది. అక్షరాన్ని మధ్యలో కోయరాదని నియమంలో స్పష్టంగా ఉంది. ఇంగ్లిషుతో మాత్రమే పరీక్షిస్తే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. ఇంగ్లిషులో ప్రతి అక్షరమూ ఒకే బైటు, ఎక్కడ కోసినా చెడదు.

తెలుగు మెయిల్లోకి రావడానికి మైమ్ ఒక్కటే చాలలేదు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. దాన్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8ని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోనే ఒక హోటల్ బల్ల దగ్గర రూపొందించారు. అవన్నీ కంప్యూటర్లలో స్థిరపడేదాకా విదేశాల్లోని తెలుగువారు ఆర్.టి.ఎస్. వంటి పద్ధతుల్లో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు.

చెల్లించిన వెల

పాతదాన్ని కదపకుండా పొర మీద పొర వేస్తే చిక్కులు పెరుగుతాయి. ప్రతి మెయిల్లోనూ ‘మైమ్ వెర్షన్ 1.0’ అని ఉంటుంది. రెండో వెర్షన్ ఎప్పటికీ రాలేదు. వేరే సంఖ్య కనిపిస్తే పాత సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో మొదటి పత్రాలు తేల్చలేదు కనుక, దాన్ని మార్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఉదారత్వంలో ఉంది. పంపేటప్పుడు కచ్చితంగా, అందుకునేటప్పుడు ఉదారంగా ఉండాలన్నది పోస్టెల్ సూత్రం. దాన్ని నమ్మి పార్సర్లు తప్పుడు మెయిళ్లనూ ఎలాగోలా చదివేశాయి. వైరస్ వడపోత ఒకలా చదివి, మనం వాడే సాఫ్ట్‌వేర్ ఇంకోలా చదివితే ఆ తేడాలోంచి దొంగ దూరతాడు.

2018లో జర్మనీ, బెల్జియం పరిశోధకులు ఈఫెయిల్ పేరుతో చూపించింది ఇలాంటిదే. రహస్య సంకేతంలో ఉన్న పాత మెయిల్ దాడిచేసేవాడి చేతికి చిక్కిందనుకుందాం. వాడు కొత్త మెయిల్‌ని మూడు భాగాలుగా కట్టి అసలు గ్రహీతకే పంపుతాడు. మొదటి భాగంలో బొమ్మ చిరునామా తెరిచి మూయకుండా వదులుతాడు, రెండోదిగా రహస్య పాఠం, మూడోదాంట్లో మూసే గుర్తు. కొన్ని మెయిల్ సాఫ్ట్‌వేర్లు రహస్యాన్ని విప్పి, మూడు భాగాలనూ ఒకే పేజీగా అతికించేవి. అప్పుడు విప్పిన పాఠమంతా బొమ్మ చిరునామాలో భాగమై, ఆ బొమ్మను తెచ్చుకోబోయినప్పుడు నేరుగా దొంగ సర్వర్‌కి చేరేది. ఏ భాగాన్ని ఆ భాగంగా ఉంచాలన్న క్రమశిక్షణ తప్పడం ఇక్కడ జరిగిన లోపం.

మెయిల్ దాటి

మైమ్ పెట్టిన చీటీలు మెయిల్‌తో ఆగలేదు. ఇది జేపెగ్ బొమ్మ, ఇది సాదా పాఠం అని చెప్పే ఆ పేర్లనే వెబ్ తీసుకుంది. బ్రౌజర్ ఏ పేజీ తెరిచినా, వచ్చింది ఏమిటో ఆ చీటీ చూసే తెలుసుకుంటుంది. నెడ్ ఫ్రీడ్ 2022లో కన్నుమూశారు. ఆయన పేరు వినని కోట్లమంది ఆయన కట్టిన దారిలోనే రోజూ నడుస్తున్నారు.

ఇప్పుడు గుమ్మం కూడా వెడల్పవుతోంది. 2012లో వచ్చిన ఎస్ఎంటీపీ-యూటీఎఫ్8 ప్రమాణంతో చిరునామా, సబ్జెక్టు ఏ వేషమూ లేకుండా నేరుగా తెలుగులోనే ప్రయాణించవచ్చు. తెలుగు లిపిలో ‘.భారత్’ డొమైన్ కూడా ఉంది. అయితే దారిలోని ప్రతి సర్వర్ దానికి ఒప్పుకోవాలి. అందాకా బేస్64 వేషం తప్పదు.

హైదరాబాదులో, విశాఖలో, బెంగళూరులో మెయిల్ పంపే ప్రోగ్రాములు రాసే తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్లకు ఒక మాట. హెడర్లను చేత్తో అతికించవద్దు, నమ్మకమైన లైబ్రరీ వాడండి. కోయవలసి వస్తే బైటు దగ్గర కాదు, అక్షరం దగ్గర కోయండి. రెండు రకాలుగా చదవడానికి వీలున్న మెయిల్ వస్తే ఊహించి సర్దకుండా నిరాకరించండి. విడుదలకు ముందు పదిహేను సంకేతాలు దాటిన తెలుగు సబ్జెక్టుతో ఒక మెయిల్ పంపి చూడండి. ఆ పరీక్షకు పట్టేది నిమిషం. అందులో నెగ్గని సాఫ్ట్‌వేర్ ఇంకా పూర్తి కానట్టే.