దోసపాదు చుట్టాలెవరు?

గుడివాడ, మచిలీపట్నం, దివిసీమల్లో పెరటి విత్తనం దాచుకునేవాళ్లకు తరచూ వచ్చే అనుమానం ఒకటుంది. నిరుడు మంచి కాయ చూసి గింజ దాచాం, ఈసారి రుచీ రూపూ మారిపోయాయి. పక్కనున్న కీరపాదు పుప్పొడి కలిసిందా?

కలవదు. పప్పులోకీ ఆవకాయలోకీ వాడే పసుపుపచ్చ దోస, ఖర్బూజ జాతి మొక్క: కుకుమిస్ మెలో. దాని కణంలో 24 క్రోమోజోములు, కీరకు 14. దోస కలిసేది ఖర్బూజ, నక్కదోస, బుడమ లాంటి సొంత చుట్టాలతోనే.

ఈ చుట్టరికం ఉద్దండులనే తికమకపెట్టింది. సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ వీటిని వేర్వేరు జాతులనుకున్నాడు. ఆయన పోయాక, 1832లో వెలువడిన ‘ఫ్లోరా ఇండికా’లో కుకుమిస్ మొమోర్డికా, కుకుమిస్ యుటిలిసిమస్ అని విడివిడి పేర్లున్నాయి. ఫ్రాన్సులో వృక్షశాస్త్రవేత్త చార్లెస్ నోడిన్ ఈ పేర్లను నమ్మలేదు. రకరకాల మొక్కలు పెంచి, ఒకదాని పుప్పొడి మరొకదానికి అద్దాడు. పోలికే లేని కాయల మొక్కలు కలిసి గింజ కట్టాయి, ఆ గింజలు మొలిచి మళ్లీ కాశాయి. అన్నీ ఒకే జాతి అని 1859లో తేల్చేశాడు.

అసలు అద్భుతం పువ్వులో ఉంది. పాదుకు ముందు మగపూలు వస్తాయి. తర్వాత అడుగున పిందెతో విచ్చేవి చాలా రకాల్లో ఉత్త ఆడపూలు కావు, వాటిలో కేసరాలూ ఉంటాయి. ఆడపువ్వు కావాలంటే మొగ్గలో కేసరాలు ఎదగకుండా ఆగాలి. వాటిని ఆపేది ఇథిలీన్, అరటికాయను మాగించే వాయువే! మొగ్గలో దాన్ని తయారుచేసే ఎంజైము జన్యుమార్పు వల్ల పనిచేయకపోతే కేసరాలు ఎదిగిపోతాయి. ఫ్రాన్సు శాస్త్రవేత్తల బృందం ఈ గుట్టును 2008లో విప్పింది.

మరి కేసరాలూ పిందే ఒకే పువ్వులో ఉంటే తనంతట తానే పిందె కట్టాలి కదా? మామూలుగా కట్టదు. పుప్పొడి బరువు, జిగట, గాలికి లేవదు. తేనెటీగ రావాల్సిందే. అది ఏ పెరట్లో ఏ పాదు మీద వాలి వస్తుందో! పరాయి పుప్పొడి తెచ్చినా ఈ ఏటి కాయ కండ తల్లిపాదుదే. తండ్రి పోలిక గింజలో దాగి, మరుసటి పంటలో బయటపడుతుంది.

అందుకే విత్తనం చెడకూడదంటే, మర్నాడు విచ్చబోయే పిందెమొగ్గకూ అదే రకం మగమొగ్గకూ సాయంత్రమే దారం కట్టాలి. పొద్దున్నే మగపువ్వు రేకలు తీసి, పుప్పొడిని పిందెపువ్వు కీలాగ్రానికి రాసి, మళ్లీ కట్టి, కాడకు గుర్తు వేయాలి. కొన్ని రాలిపోతాయి కాబట్టి నాలుగైదు పూలకు చేయడం మేలు. కాయ పాదు మీదే బాగా పండాలి.

ఇంత శ్రమ ఎందుకంటారా? 1930లలో కాలిఫోర్నియా ఖర్బూజ తోటలను బూడిద తెగులు నుంచి కాపాడిన పీఎంఆర్-45 రకానికి ఆ నిరోధక గుణం భారతదేశపు గింజ నుంచే వెళ్లింది. కోడూరు, నాగాయలంక పెరళ్లలోని నాటు గింజల్లో ఏ గుణాలున్నాయో చూడకముందే వాటిని వదిలేసి హైబ్రిడ్ విత్తనాల పొట్లాలు కొనడం బాధాకరం. హైబ్రిడ్ కాయ నుంచి గింజ దాస్తే మరుసటి ఏడు అదే కాయ రాదు, మళ్లీ కొట్టుకే వెళ్లాలి.